తెలియనిదల్లా తుక్కేనా?

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని ఓ పాత జీపు ముందు నిలబెట్టి, బోనెట్ ఎత్తి, "ఇందులో ఏది ఏమిటో చెప్పు నాయనా" అని అడగండి. రేడియేటరు, ఫ్యాను, కార్బురేటరు, డైనమో, డిస్ట్రిబ్యూటరు... ఇంతవరకు గడగడా అప్పజెబుతాడు. తర్వాత ఏ గొట్టం చివరనో ఉన్న బొటనవేలంత లోహపు ముక్క దగ్గర ఆగిపోతాడు. "అది ఏదో ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ సార్" అంటాడు. పక్కనున్న మేస్త్రీని అడిగితే, "దాంతో పన్లేదు బాబూ, తీసి అవతల పడేసినా బండి నడుస్తది" అంటాడు. పుస్తకం పట్టినవాడి జవాబూ, పానా పట్టినవాడి జవాబూ వేరు వేరుగా వినిపించినా రెండూ చేర్చేది ఒకే గుమ్మానికి. అది పాత ఇనుము కొట్టు గుమ్మం.

తెలియని భాగమంటే పనికిరాని భాగమని ఎవరూ నోటితో అనరు. చేతితో మాత్రం రోజూ అంటూనే ఉన్నాం. గ్యారేజీల్లో గానీ, మన కాలేజీ వర్క్‌షాపుల్లో గానీ, ఒక ముక్క పేరు తెలియకపోతే ముందు దాన్ని విప్పుతాం, తర్వాత పక్కన పెడతాం, ఆ తర్వాత చీపురుతో ఊడ్చేస్తాం. దీనివల్ల పోయేది ఇనుపముక్క ఒక్కటే అయితే ఈ సావనీరులో నాలుగు పేజీలు ఖర్చు చేయనక్కర్లేదు. ఆ ముక్కతో పాటు, దాన్ని అక్కడ పెట్టినవాడి ఆలోచన పోతోంది. ఆ ఆలోచనను గుర్తుపట్టగల మనుషులూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మన చదువు కొత్తది గీయడం నేర్పుతోంది, ఉన్నదాన్ని చదవడం నేర్పడం లేదు. నా ఫిర్యాదల్లా అదే.

ఇందుకు జీపును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. మన దేశంలో ఇన్ని చేతులు మారిన యంత్రం మరొకటి అరుదు. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి బండి కావాలంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు చేత గీయించి, ఆ ఏడాది సెప్టెంబరులోనే తొలి నమూనా అప్పగించింది. పెద్ద ఆర్డరు మాత్రం 1941లో విల్లీస్ కంపెనీకి దక్కింది. అదే నమూనాను ఫోర్డు కూడా తయారు చేసింది. యుద్ధం ముగిసేసరికి ఈ రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా బండ్లు దింపాయి. బర్మా యుద్ధరంగం పుణ్యమా అని కొన్ని మన గడ్డ మీదికీ వచ్చాయి. యుద్ధం అయ్యాక అవి డిస్పోజల్ వేలాల్లో జనం చేతిలో పడ్డాయి. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఇక్కడే తయారు చేసింది. విల్లీస్ 1953లో తెచ్చిన 'సీజే-3బీ' నమూనాను అమెరికాలో 1968లో ఆపేసినా, మన దగ్గర ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తీశారు.

అంటే ఏమైంది? 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు జీపు పల్లెల్లో సర్కారుకు మారుపేరైంది. ఆ జీపు వేలానికొస్తే కాంట్రాక్టరు కొన్నాడు. కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఏజెన్సీ ఘాట్ రోడ్డు మీద సర్వీసు నడిపేవాడి చేతికి వెళ్లింది. పెట్రోలు ధర పెరిగినప్పుడు దాని పొట్టలోకి డీజిల్ ఇంజను వచ్చింది. ఇలా ఒకే ఛాసిస్ మీద యుద్ధకాలం ముక్క, వ్యవసాయం ముక్క, సర్కారు ముక్క, మన మేస్త్రీ తెలివి ముక్క నాలుగూ పక్కపక్కన బతుకుతున్నాయి. అలాంటి బండిలో ఓ ముక్క పేరు తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోకుండానే తీర్పు చెప్పడం తప్పు.

ఉదాహరణకు మొదట చెప్పిన ఆ బొటనవేలంత ముక్కనే తీసుకుందాం. యుద్ధకాలపు విల్లీస్ ఇంజనులో ఇన్‌టేక్ మానిఫోల్డు దగ్గర ఓ చిన్న వాల్వు, అక్కణ్ణుంచి ఇంజను పక్కనున్న వాల్వు మూతలోకి ఓ సన్నటి గొట్టం కనిపిస్తాయి. పెట్రోలు దారిలో లేదు, నీటి దారిలో లేదు, నూనె దారిలోనూ లేదు. మరి దేనికి?

ఏ ఇంజనులోనైనా మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్‌కేసులోకి జారుతుంది. అందులో నీటి ఆవిరి ఉంటుంది, మండని పెట్రోలు ఆవిరి ఉంటుంది. అక్కడే ఉండిపోతే ఇంజను ఆయిల్ బురదవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పాత కార్లలో ఈ వాయువును ఓ గొట్టం గుండా రోడ్డు మీదికి వదిలేసేవారు. జీపులో అలా వదలకుండా, ఇన్‌టేక్ మానిఫోల్డులో ఉండే పీల్పుతో ఆ వాయువును లాగి మళ్లీ ఇంజనులోనే మండించారు. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు పీల్పు ఎక్కువ కాబట్టి వాల్వు దారిని ఇరుకు చేస్తుంది. బరువు లాగేటప్పుడు పీల్పు తగ్గుతుంది, దారి తెరుచుకుంటుంది. చూడ్డానికి చిన్నదే గానీ, దాని వెనుక ఆలోచన మాత్రం చిన్నది కాదు. 1960ల మొదట్లో అమెరికాలో కార్ల పొగ మీద తొలి అదుపు పెట్టినప్పుడు కాలిఫోర్నియా వాళ్లు చేపట్టిన సాధనం సరిగ్గా ఈ సూత్రమే. యుద్ధకాలపు జీపులో అది 20 ఏళ్ల ముందే ఉంది!

మన దగ్గర దాని గతి ఏమిటి? కొన్నాళ్లకు వాల్వులో మడ్డి పేరుకుంటుంది. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు వణుకుతుంది. ఇదే కారణమని పసిగట్టినవాడు వాల్వు తీసేసి ఆ కన్నంలో ఓ బోల్టు బిగిస్తాడు. వణుకు పోతుంది, మేస్త్రీకి పేరొస్తుంది. ఆరునెలలకు క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి వెనక సీలు దగ్గర ఆయిల్ కక్కుతుంది. సీలు మారుస్తారు. మళ్లీ కారుతుంది. మళ్లీ మారుస్తారు. చివరికి "పాత జీపన్నాక ఆయిల్ కారక మానదు" అని ఓ సామెత పుట్టిస్తారు. రోగం జీపుది కాదు సుమా! తెలియని ముక్కను 'ఎక్స్‌ట్రా' అన్నప్పుడే ఆ రోగం పుట్టింది.

ఇంకొకటి. కొన్ని యుద్ధకాలపు జీపుల్లో బోనెట్‌కూ బాడీకీ మధ్య, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య జడలా అల్లిన రాగి పట్టీలు ఉంటాయి. అవి బలానికి కావు, చిటికెన వేలితో వంచవచ్చు. కరెంటు తీగలూ కావు, ఏ దీపానికీ వెళ్లవు. వాటిని రాగి ధరకు అమ్ముకున్నవాళ్లున్నారు. అసలు సంగతి రేడియో. స్పార్కు ప్లగ్గులో నిప్పురవ్వ లేచిన ప్రతిసారీ ఇంజను ఓ చిన్న ప్రసార కేంద్రమవుతుంది. తొలి తరం వైర్‌లెస్ యంత్రాలు పనిచేసింది నిప్పురవ్వతోనే కదా! రబ్బరు, పెయింటు అడ్డుపడి విడివిడిగా ఉన్న రేకులన్నీ ఆ రొదను బయటికి పంపుతాయి. అన్ని రేకులనూ ఇలా రాగి పట్టీలతో ఒకటిగా కలిపేస్తే రొద అణుగుతుంది, సైనికుడికి వైర్‌లెస్‌లో మాట వినిపిస్తుంది. ఇలా రొద అణచిన బండికి గుర్తుగా నంబరు చివర 'ఎస్' అక్షరం వేసేవారు. ఆ పట్టీ దొరికిందంటే ఆ బండి వైర్‌లెస్ ఉన్న చోట తిరగడానికి సిద్ధం చేసిన బండి అని తెలుసుకోవచ్చు. మన విద్యుదయస్కాంత పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఏముంటుంది? రాగి ధరకు అమ్మేశాక అంత కథా తక్కెడలోని గ్రాముల్లోకి దిగిపోయింది.

మూడోది పొలం సంగతి. యుద్ధం అయ్యాక విల్లీస్ కంపెనీ జీపును రైతుకు అమ్మాలనుకుంది. 1945లో వచ్చిన 'సీజే-2ఏ' నమూనాను ట్రాక్టరులా, పొలం ఇంజనులా కూడా వాడుకోవచ్చని చెప్పింది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న మూత విప్పితే అక్కణ్ణుంచి శక్తిని బయటికి తీసుకుని రంపాన్నో, నూర్పిడి యంత్రాన్నో తిప్పవచ్చు. అలా తిప్పేటప్పుడు బరువు పడ్డప్పుడల్లా ఇంజను వేగం పడిపోకుండా, బెల్టుతో తిరిగే గవర్నరు అమర్చుకునే వీలుంది. దాని పిడి డ్యాష్‌బోర్డు దగ్గర ఉంటుంది. ఆ పిడి ఇక్కడికొచ్చేసరికి "చోక్ రెండోది" అయింది, గవర్నరు "బెల్టుకు బరువు" అయింది. రెండూ పోయాయి. ఖాళీ బ్రాకెట్టు మాత్రం మిగిలింది. బ్రాకెట్టునైనా చదవడం నేర్చుకుంటే, ఈ బండి రైతు కోసం పుట్టిందని గుర్తుపట్టవచ్చు.

సరే, చదవడం ఎలా? దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మొదటి సూత్రం: ముందే విప్పకూడదు. ముక్క ఎక్కడ బిగించి ఉంది, దానికి ఏ గొట్టం ఎక్కడి నుంచి వస్తోంది, ఏ కడ్డీ దానితో కలిసి కదులుతోంది అన్నది ఉన్నచోటే రాసుకోవాలి, ఫోటో తీసుకోవాలి. విప్పాక సగం సాక్ష్యం పోయినట్టే. నేనెరిగిన ఓ పెద్ద మేస్త్రీ ఏ లీవరు చేతికిచ్చినా ముందు దుమ్ము తుడవనిచ్చేవాడు కాదు. "ఆగవయ్యా, ఎక్కడ మెరుస్తోందో చూడనీ" అనేవాడు. మెరిసే చోట రాపిడి ఉంది, రాపిడి ఉన్నచోట కదలిక ఉంది, కదలికుంటే పనుంది. ట్రైబాలజీ పాఠమంతా ఆ ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

రెండోది మర. అమెరికా బండికి అమెరికా మర, ఇంగ్లండు బండికి విట్‌వర్త్ మర. పావు అంగుళం బోల్టు తీసుకుంటే అమెరికా ముతక మరలోనూ, విట్‌వర్త్‌లోనూ అంగుళానికి 20 మరలే. 3/8 అంగుళానికి రెండింట్లోనూ 16. ఇక్కడ మోసపోతాం. అర అంగుళం దగ్గర గుట్టు బయటపడుతుంది. అమెరికాది 13, విట్‌వర్త్‌ది 12. మర కోణమూ వేరే, అమెరికాది 60 డిగ్రీలు, విట్‌వర్త్‌ది 55. కనుక జీపులో విట్‌వర్త్ బోల్టు దొరికితే అది విల్లీస్ ఫ్యాక్టరీలో పెట్టింది కాదు, మన దగ్గర ఎవరో దొరికిందే మహాభాగ్యమని పెట్టింది. మెట్రిక్ బోల్టు కనిపిస్తే, మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్లిన తర్వాతి చేయి అని ఊహించవచ్చు. మర తెలియకపోతే వచ్చే నష్టం కూడా చిన్నది కాదు. యుద్ధకాలపు విల్లీస్ జీపుకు ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మర. అది తెలియనివాడు పానాకు గొట్టం తగిలించి, దాని మీద కాలేసి తొక్కి, స్టడ్డు విరగ్గొట్టి, "తుప్పు పట్టింది" అంటాడు. పాపం తుప్పు, చేయని నేరాలు ఎన్నిటికి శిక్ష అనుభవిస్తోందో!

మూడోది పోత గుర్తులు. పోత భాగం మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు పోతకు సంబంధించిన నంబరు. దుకాణంలో చెప్పాల్సిన పార్టు నంబరు అదే కానక్కర్లేదు. ఒకే పోతను రెండు రకాలుగా చెక్కి రెండు పార్టులు చేయవచ్చు. పైగా మన ఫౌండ్రీల్లో అసలు భాగాన్నే నమూనాగా ఇసుకలో అదిమి నకళ్లు పోసిన సందర్భాలు కొల్లలు. అలా పోస్తే అసలు కంపెనీ పేరు, అంకెలు కూడా నకలు మీదికి వచ్చేస్తాయి! మరి తేడా పట్టేదెలా? పోత ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు దాదాపు 1/8 అంగుళం, అంటే సుమారు నూటికి 1 వంతు కుంచించుకుంటుంది. నమూనా చేసే వడ్రంగి ఆ మేరకు పెద్దదిగా చేస్తాడు. అసలు భాగమే నమూనా అయినప్పుడు ఆ పెంపు ఉండదు, కనుక నకలు ఆ మేరకు చిన్నదవుతుంది. లేత్ మీద చెక్కిన ముఖాల కొలత ఎలాగూ సరిపెడతారు కాబట్టి, చెక్కని చోట వెర్నియర్ పెట్టి కొలవాలి. అక్షరాల అంచులు కూడా మొద్దుబారి ఉంటాయి. ఇది మొదటి సంవత్సరం వర్క్‌షాపు పాఠంలో ఉన్నదే. పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఓ ఇనుపముక్క ముందు మాత్రం అది గుర్తురాదు.

అలాగని ఒక్క గుర్తును పట్టుకుని ఊరేగకూడదు. ఫోర్డు కంపెనీ తన జీపు భాగాల మీద, చివరికి బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం వేసింది. ఫోర్డు ఛాసిస్‌కు ముందు అడ్డదూలం తిరగేసిన 'యు' ఆకారంలో ఉంటుంది, విల్లీస్‌ది గుండ్రటి గొట్టం. ఇవి మంచి ఆధారాలే. కానీ సైనిక డిపోల్లో మరమ్మతు చేసేటప్పుడు విల్లీస్ ఇంజను ఫోర్డు ఛాసిస్‌లోకి, ఫోర్డు ఇంజను విల్లీస్‌లోకి ఎక్కడం మామూలే. ఇప్పుడైతే 'ఎఫ్' గుర్తు వేసిన కొత్త బోల్టులు కూడా అమ్ముతున్నారు. గుర్తు, మర, కొలత, రాపిడి, ఉన్న చోటు, ఈ అయిదూ ఒకే మాట చెబితేనే నమ్మాలి. సాక్షులు పొంతన లేకుండా మాట్లాడితే తీర్పు వాయిదా వేయాలి. కోర్టు న్యాయమే ఇక్కడా.

ఇక పుస్తకాల మాట. అమెరికా సైన్యం 1944 ఫిబ్రవరిలో జీపు కోసం వెలువరించిన 'టీఎం 9-803' అనే పుస్తకంలో బండి నడపడం, మరమ్మతు వివరంగా ఉన్నాయి. 'జీ-503' అన్న సరఫరా జాబితాలో భాగాల పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఓపికున్నవాడికి ఆ రోజుల ముక్కలు చాలావరకు అందులో దొరుకుతాయి. కానీ ఆ పుస్తకాల్లో లేనిది ఒకటుంది. అది మన కథ. ఎడమ చేతి స్టీరింగును కుడికి మార్చినప్పుడు ఎడమ ఫ్లోరులో పెడల్ కన్నాలు మూసిన రేకు ఏ పుస్తకంలో ఉంటుంది? 6 వోల్టుల బండిని 12 వోల్టులకు మార్చాక, డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చాక, తీగలు తెంపినా గోడకే వేలాడుతున్న కటౌట్ పెట్టె సంగతి ఎవరు రాశారు? ఘాట్ రోడ్డు కోసం కమాను కట్టకు అదనంగా వేసిన ఆకు ఎవరి లెక్క? వీటికి విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు సందుల్లోనో, జిల్లా కేంద్రంలో బస్టాండు వెనక షెడ్డులోనో ఉన్న మేస్త్రీయే పుస్తకం. ఆ పుస్తకాలకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. రెండో ముద్రణ లేదు. వాళ్ల కొడుకులు సెల్‌ఫోన్ దుకాణాలు పెట్టుకున్నారు, తప్పు పట్టాల్సిన పని లేదు. తప్పు పట్టాల్సింది, వాళ్ల నోట ఉన్నది కాగితం మీద పెట్టే పని నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినవాళ్లకు చేతకాకపోవడాన్ని.

"బాగానే ఉంది గానీ, దీనివల్ల ఎవరికేం లాభం?" అంటారా? చట్టమే ఆ ప్రశ్నకు జవాబు తెచ్చింది. 2021 జూలైలో కేంద్ర రహదారి రవాణా శాఖ పురాతన వాహనాల రిజిస్ట్రేషన్‌కు నిబంధనలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. దాన్ని రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. మరోపక్క 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న నిబంధన వచ్చింది. ఒక నిబంధన "అసలు రూపం చూపించు, కాపాడుకో" అంటోంది. ఇంకొకటి "కాలం తీరింది, తుక్కుకు పంపు" అంటోంది. ఈ రెండింటి మధ్య నిలబడ్డ పాత జీపు ఏ గుమ్మం తొక్కుతుందన్నది, దాన్ని చూసి చెప్పగలిగే మనిషి ఉన్నాడా లేడా అన్నదాని మీద ఆధారపడింది. 'సీజే-3ఏ'లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండే ఇంజను ఉండాలి. 'సీజే-3బీ'లో లోపలికి తీసుకునే వాల్వులు హెడ్డులో ఉంటాయి. అందుకే ఆ ఇంజను ఎత్తు ఎక్కువ, అందుకే ఆ బోనెట్ ఎత్తుగా ఉంటుంది. ఈ తేడా చెప్పలేనివాడు "అసలు రూపం" అని సంతకం పెడితే ఆ సంతకానికి విలువేముంది?

ఇక్కడ ఓ హెచ్చరిక కూడా చేయాలి. 'ఒరిజినల్' పిచ్చి ఈ మధ్య మనవాళ్లకూ పట్టుకుంది. డబ్బున్న పెద్దమనిషి ఓ పాత జీపు కొంటాడు. అందులో మనవాళ్లు చేసిందంతా పీకి పారేసి, విదేశం నుంచి కొత్త నకళ్లు తెప్పించి బిగించి, 1944 నాటి సైనిక బండి చేశానని మీసం తిప్పుతాడు. ఆ బండి 1944లో ఓ రెండేళ్లు సైనికుడికి పనిచేసి ఉంటుంది. ఆ తర్వాత 40 ఏళ్లు మన మన్యంలో మందులు మోసింది, పెళ్లివారిని మోసింది, శవాలను మోసింది. ఆ 40 ఏళ్ల గుర్తులు చెరిపేసి రెండేళ్ల వేషం తొడగడం ఏ చరిత్ర? ఏది అసలు, ఏది అతుకు అన్నది తేల్చుకోవాల్సిందే. తేల్చుకున్నాక అతుకును కూడా గౌరవించాలి. అతుకును తీయక తప్పదనుకుంటే, తీసే ముందు దాని ఫోటో, కొలత, వేసినవాడి పేరు రాసి పెట్టుకోవాలి. లేకపోతే తుక్కు కొట్టువాడికీ మనకూ తేడా ఏమిటి? అతను కనీసం తూకం వేస్తాడు.

"కరెంటు బండ్ల కాలంలో ఈ పెట్రోలు పురాణం దేనికి?" అని ఇంకో మిత్రుడు అడగవచ్చు. నేనైతే, కరెంటు బండ్ల కాలం కనుకనే అంటాను. జీపులోని ముక్క కనీసం కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది, గొట్టం పట్టుకుని నడిస్తే ఎక్కడికో చేరుస్తుంది. ఇప్పటి బండిలో బుద్ధంతా మూత వేసి అతికించిన పెట్టెలో ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పెట్టె ముందు మన జూనియర్లు నిలబడి "ఏదో ఎక్స్‌ట్రా ఫిట్టింగ్" అనకుండా ఉండాలంటే, చదివే అలవాటు ఇప్పుడు, కంటికి కనబడే యంత్రం మీదే మొదలవ్వాలి. ఈత నేర్చుకునేవాడు ముందు పిల్లకాలువలో దిగుతాడు గానీ సముద్రంలో దూకడు కదా.

కనుక విద్యార్థి సంఘానికి, మా లెక్చరర్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు ఓ ప్రతిపాదన చేస్తున్నాను. ఇందుకు యూనివర్సిటీ గ్రాంటు కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఓ వెర్నియర్, ఓ మర గేజి, ఓ అయస్కాంతం, ఓ లావుపాటి రిజిస్టరు చాలు. వర్క్‌షాపు షెడ్లలో, పూర్వ విద్యార్థుల ఇళ్లలో, తెలిసినవాళ్ల గ్యారేజీల్లో పడి ఉన్న పాత బండ్ల భాగాలను సెలవు రోజుల్లో ఒక్కొక్కటిగా నమోదు చేద్దాం. ఒక్కో ముక్కకు ఒక్కో పేజీ. ఎక్కడ దొరికింది, ఏ బండిది, దేనికి బిగించి ఉంది, ఎంత బరువు, ఏ మర, ఏ గుర్తులు, ఎవరు గుర్తుపట్టారు, దేన్నిబట్టి గుర్తుపట్టారు. ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. కారణం లేని జవాబు పుకారు కిందే లెక్క. గుర్తుపట్టలేని ముక్కకు "ఇంకా తెలియదు" అని రాయడానికి ఎవరూ సిగ్గుపడకూడదు. "పనికిరాదు" అని మాత్రం ఎవరూ రాయకూడదు.

ఇంకొక్క మాట. మేస్త్రీలను పిలిచినప్పుడు ఓ టీ ఇచ్చి పంపేయడం మన అలవాటు. ఇకమీదట అతిథి లెక్చరర్లకిచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వాలి, రిజిస్టరులో వాళ్ల పేరు ముందు రాయాలి, మనది తర్వాత. వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. "దాంతో పన్లేదు బాబూ" అన్న మేస్త్రీ కూడా, ఎదురుగా కూచోబెట్టి "ఎందుకు పన్లేదు, ఎప్పట్నుంచి పన్లేదు, ఎవరు తీసేయమన్నారు" అని అడిగితే ఓ గంటసేపు చరిత్ర చెబుతాడు. అడిగేవాడు లేకనే అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఏటా ఈ సావనీరులో మన సంఘం చేసిన పోటీలు, సభలు, విహారయాత్రలు అచ్చవుతున్నాయి. మంచిదే. వచ్చే ఏడాది సంచికలో వాటి పక్కనే ఆ రిజిస్టరులోని ఓ నాలుగు పేజీలు కూడా అచ్చవ్వాలని నా కోరిక. అందులో రెండు పేజీల చివర "ఇంకా తెలియదు" అని ఉన్నా సరే. అవి చదివిన ఏ పూర్వ విద్యార్థో దూరదేశం నుంచి "అది నాకు తెలుసు" అని ఓ ఉత్తరం రాస్తే, మన చదువు కొంతైనా సార్థకమైనట్టే.